ముఖానికి అడ్డం కంజీర

ఆయన పూర్తి పేరు స్పెల్లింగ్ చెప్పమని ఎలెన్ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు కెఫెటేరియాలో పెరుగన్నం తింటున్నాను. ఈ ఏటి పండగ పుస్తకంలో మొదటి పేజీ ఆయనకి అంకితం ఇస్తున్నారట. మళ్ళీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత ముద్ద దిగలేదు, డబ్బాకి మూత పెట్టేశాను. చనిపోయిన మనిషి పేరు చెప్పడానికి అంత భయమెందుకని మీరు అడగొచ్చు. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ అడగరు.

ఆయన పేరు ఇక్కడ కూడా రాయడం లేదు. రాయకూడదన్నది ఆయన నాకు అంటించిపోయిన అలవాటు. భయం కూడా జలుబులాంటిదే, ఎక్కువసేపు పక్కన కూర్చుంటే అంటుకుంటుంది.

అమెరికాలో మేముండే అరోరా ఊరికి గంట దూరంలో, మొక్కజొన్న చేల మధ్య పెద్ద మైదానంలో ప్రతి వేసవీ ఆ పండగ జరుగుతుంది. ఐరోపాలో ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి పాటలు, ఆటలు, వేషాలు. వారమంతా ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ళూ పళ్ళ డాక్టర్లూ శనివారం పొద్దున్నే రాజులూ సన్యాసులూ అయిపోతారు. ఎలెన్ మా ఆఫీసులో యూజర్ మాన్యువల్స్ రాసి రిటైరైన పెద్దావిడ. పండగలో పాటల బృందం ఆవిడదే. పొట్ట గుండ్రంగా ఉండి, మెడ వెనక్కి విరిగినట్టుండే ల్యూట్ అనే తీగల వాద్యం వాయిస్తుంది. ఆఫీసు దీపావళి పార్టీలో నేనేదో కీర్తన పాడితే విని నన్ను ఆ బృందంలోకి లాగింది.

ఆయన్ని మొదట చూసింది అక్కడే. కంచెకి ఆనుకుని, పండగలో తిరుగుతున్న కూతురి కోసం ఎదురుచూస్తూ, కాఫీ కప్పు మూత మీద వేళ్ళతో వాయించుకుంటున్నాడు. మేం పాడుతున్నది మూడేసి మాత్రల నాట్యం పాట. మాకు డ్రమ్ము వాయించే పెద్దమనిషి అప్పటికే దారి తప్పి ఎటో వెళ్ళిపోయాడు. ఈ మనిషి మూత మీద మాత్రం ఒక్క దెబ్బ పొల్లుపోలేదు. పాట అవగానే ఎలెన్ ల్యూట్ చేత్తో పట్టుకునే కంచె దాకా నడిచి, మీరు ఏం వాయిస్తారని అడిగింది. ఆయన మొదట వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవర్నో అడుగుతోందేమోనని. తర్వాత తప్పు చేసి దొరికిపోయినవాడిలా కాఫీ కప్పు తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పడేశాడు.

తెలుగువాళ్ళా అని నేనే పలకరించాను. అవునన్నాడు. ఏ ఊరంటే కాకినాడ వైపు అన్నాడు. ఎక్కడ పనంటే ఇక్కడే, దగ్గర్లోనే అన్నాడు. ఎంత పొగరు అనుకున్నాను. ఆ మనిషిలో పొగరు మచ్చుకైనా లేదని, ఉన్నదంతా భయమేనని తెలియడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. అప్పటికే ఎలెన్ ఆయన్ని బృందంలోకి లాగేసింది, నేను అన్నయ్యా అనీ ఆయన చెల్లెమ్మా అనీ పిలుచుకునేదాకా వచ్చాం.

ఆయన వాద్యం కంజీర. టిఫిన్ ప్లేటంత చట్రం, ఒకవైపు తోలు, పక్కన గలగలమనే బిళ్ళలు. గురువుగారు చేతికిచ్చిన కంజీర ఉడుము తోలుది. ఎయిర్‌పోర్టులో ఇదేం జంతువని అడుగుతారేమోనని దాన్ని అక్కడే వదిలేసి, మేకతోలుది కొని, సూట్‌కేసులో భార్య చీరల మధ్య చుట్టి తెచ్చుకున్నాడు. మేకతోలుకి అనుమతి ఉన్నా సరే, చీరల మధ్యే. "ఎందుకైనా మంచిది" అనేవాడు. రోజులో ఆ మాట ఎన్నిసార్లనేవాడో ఆయనకే తెలియదు.

ఎలెన్ వాళ్ళ గరాజ్‌లో శనివారం మధ్యాహ్నాలు సాధన. ఆయన కారు ఎప్పుడూ వీధి వైపు ముఖం పెట్టి ఆపేవాడు. కుర్చీ ఎప్పుడూ తలుపుకి దగ్గర. వాయించేముందు చిన్న సీసాలోంచి రెండు చుక్కల నీళ్ళు తోలు వెనక అద్ది, చెవి దగ్గర పెట్టుకుని తట్టి, శ్రుతి దిగిందో లేదో చూసుకునేవాడు. ఆ కాసేపు మాత్రం ముఖంలో ఏ బెదురూ ఉండేది కాదు. మేళం మొదలయ్యాక ఇంకా హాయిగా ఉండేవాడు. నడుమ ఎక్కడో వీధిలో సైరన్ వినపడితే చెయ్యి ఆగిపోయేది. ఎలెన్‌కి మొదట్లో అర్థమయ్యేది కాదు. పాటలో అక్కడ విరామం పెట్టడం మీ దేశపు పద్ధతేమో అని నన్ను అడిగింది కూడా.

ఇంకో విచిత్రం, నెమ్మదిగా సాగే నాట్యం పాటల్లో ఎక్కడినుంచో ప్లాస్టిక్ కవరు నలిగిన చప్పుడొచ్చేది. ఎవరో చిప్స్ తింటున్నారని ఎలెన్ విసుక్కుంది. ఎవరూ తినడం లేదు. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, కంపెనీ ఇచ్చిన ఉత్తరాలు అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పొట్టకి కట్టుకుని, దానిమీద పండగ వేషం కోసం కుట్టిన పాతకాలపు అంగీ వేసుకునేవాడు. చెయ్యి ఊగినప్పుడల్లా అమెరికా ప్రభుత్వం గలగలమనేది. నేను పడీ పడీ నవ్వాను. నాకు అప్పటికే గ్రీన్ కార్డు వచ్చేసింది, నవ్వు తేలిగ్గానే వస్తుంది. ఆయన వరసలో ఇంకా వెనకెక్కడో ఉన్నాడు. ఆయన ఒక్కడి వీసా మీద భార్య, కూతురు కూడా నిలబడి ఉన్నారు. పాకే వయసులో వచ్చిన పిల్ల ఇప్పుడు హైస్కూల్లో ఉంది.

మా ప్రదర్శన అయ్యాక టోపీ తిప్పడం అక్కడి ఆచారం. చూసినవాళ్ళు తోచింది వేస్తారు, అది పండగ ఖర్చులకి పోతుంది. మొదటి రోజు సంగతి తెలియక ఒక ముసలావిడ నోటు తెచ్చి టోపీలో కాకుండా ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఆయన ముఖం పాలిపోయింది. వీసా ఉన్న కంపెనీలో తప్ప ఇంకెక్కడా డబ్బు ముట్టకూడదు కదా. అంగీ మోకాళ్ళకి అడ్డం పడుతుంటే, ముసుగు టోపీ ఊడిపోతుంటే, ఆవిడ వెనక మైదానం అడ్డంగా పరిగెత్తాడు. ఇదీ నాటకంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నోటు ఆవిడ చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించి, ఏదో చెప్పి వచ్చాడు. ఏం చెప్పారని అడిగితే, ఐ యామ్ నాట్ వర్కింగ్ మేడమ్ అని చెప్పానన్నాడు. అప్పటినుంచీ మా పాట ముగింపుకి రాగానే ఆయన గుడారం వెనక ఉండేవాడు.

ఆ పండగ పుస్తకంలో చాలా పాటల పక్కన కట్టినవాళ్ళ పేరుండదు, అనానిమస్ అని ఉంటుంది. ఎవరు రాశారో కాలగర్భంలో కలిసిపోయింది. అది చూస్తే ఆయనకి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది. వేలు పెట్టి చూపించి, పాపం వీడు కూడా వీసా మీదే ఉన్నట్టున్నాడు చెల్లెమ్మా అనేవాడు. చచ్చిపోయినవాళ్ళ దగ్గర పని చేస్తే పర్మిట్ అక్కర్లేదట, అందుకే తను ఇక్కడికి వస్తున్నాడట. తన పేరు కూడా పుస్తకంలో వద్దని ఎలెన్ దగ్గర మాట తీసుకున్నాడు. నా దగ్గరా తీసుకున్నాడు. వాయించేవాళ్ళ జాబితాలో చివర, డ్రమ్ము ఎదుట, చుక్కలు మాత్రం ఉండేవి.

ఫోటోలంటే మరీను. ఎవరైనా ఫోన్ ఎత్తడం కంటికొసల్లో పడితే చాలు, కంజీర ముఖానికి అడ్డం పెట్టేసేవాడు. తాళం తప్పకుండా పెట్టేవాడు, అదీ ఆయన విద్య. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ముఖం మాయమయ్యేది.

ఈ భయమంతా ఒట్టి చాదస్తం అనుకునేదాన్ని, ఆ సాయంత్రం దాకా.

నా కారు షెడ్డులో ఉంది. పండగ నుంచి ఆయనే నన్ను దిగబెడుతున్నాడు. ఇద్దరం వేషాల్లోనే ఉన్నాం. ఇంకా వెలుతురుంది. లిమిట్ కన్నా ఒక్క మైలు కూడా ఎక్కువ వెళ్ళని మనిషి వెనక ఎర్ర, నీలం లైట్లు వెలిగాయి. కారు పక్కకి తీసి ఆపాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు.

పోలీసు కుర్రవాడే. వంగి లోపలికి చూశాడు. మా వేషాలు చూసి కాస్త నవ్వాడు కూడా. బ్రేక్ లైటు ఒకటి వెలగడం లేదని చెప్పడానికి ఆపాడట. అంతే సంగతి. అవును సార్, థాంక్యూ సార్ అంటే అయిపోయేది. కానీ ఆయన ఇన్నేళ్ళుగా ఈ క్షణం కోసమే తయారై ఉన్నాడు. ఎవరూ అడగని కాగితాల కోసం చెయ్యి సర్రున అంగీ లోపలికి పెట్టాడు.

పోలీసు ముఖంలో నవ్వు పోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. చేతులు కనపడాలి, చేతులు, అని అరిచాడు. అన్నయ్య చెయ్యి లోపలే ఉండిపోయింది. తీస్తే ఏమనుకుంటాడో, తీయకపోతే ఏమనుకుంటాడో. నిశ్శబ్దంలో ఆ ప్లాస్టిక్ కవరు చప్పుడు నాకు వినపడుతోంది. అంత భయం నేను పుట్టి ఎరగను. నా చేతులు డాష్‌బోర్డు మీద పెట్టి, పేపర్స్ సర్, జస్ట్ పేపర్స్, హి ఈజ్ స్కేర్డ్, అన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాను. పక్కన మొక్కజొన్న చేలో ఆకులు కదులుతున్నాయి. మనుషులెవరూ కదలలేదు.

చివరికి పోలీసు గొంతు తగ్గించాడు. నెమ్మదిగా తీయమన్నాడు. ఆయన ఖాళీ చెయ్యి బయటికి వచ్చింది. ఇంకెప్పుడూ అలా చెయ్యి లోపల పెట్టొద్దని, ఎవరితోనూ అలా చేయొద్దని ఆ కుర్రవాడు రెండుసార్లు చెప్పాడు. అతని గొంతూ వణుకుతోంది. లైటు బాగుచేయించుకోమని వెళ్ళిపోయాడు.

అన్నయ్య ఆ తర్వాత కారు నడపలేకపోయాడు. సీట్లు మారాం. చాలా దూరం వచ్చాక మాట్లాడాడు.

"నాకు పోలీసంటే భయం కాదు చెల్లెమ్మా. ఇంటికెళ్ళి మీ వదినకీ పిల్లకీ ‘ఇక సర్దుకోండి’ అని చెప్పాల్సొస్తుందేమోనని భయం. ఆ ఒక్క మాట నేను చెప్పలేను. దానికోసమే ఇదంతా."

ఆ రోజు తర్వాత ఆ ప్లాస్టిక్ చప్పుడుకి నాకు నవ్వు రాలేదు.

ఆ మాట ఆయన చెప్పాల్సిన అవసరం రాకుండానే పోయాడు. మొన్న చలికాలం, ఇంటినుంచి పనిచేస్తూ, ఆఫీసు మీటింగు నడుస్తుండగా కుర్చీలోనే గుండె ఆగిపోయింది. ఆయన కెమెరా ఎప్పుడూ ఆపే ఉంచుతాడు కదా. అవతలివాళ్ళు రెండుసార్లు పిలిచి, మ్యూట్‌లో ఉన్నట్టున్నాడనుకుని, మీటింగు ముగించి వెళ్ళిపోయారు. టీ తెచ్చిన వదిన చూసింది.

నేను వెళ్ళేసరికి ఆమె హాస్పిటల్ కారిడార్లో నిలబడి ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని మొదట అడిగిన మాట ఇది: "ఇప్పుడు మేం ఇక్కడ ఉండొచ్చా?" ఆయన శరీరం ఇంకా లోపలే ఉంది. ఆమెకి ఏడవడానికి కూడా వ్యవధి దొరకలేదు. ఆయన వీసా ఆయనతోనే పోయింది, దానిమీద నిలబడ్డ ఇద్దరి కాళ్ళ కింద నేల కూడా పోయింది.

లాయర్ ఒక దారి ఉందన్నాడు. ఖాయం కాదు, అధికారి దయ. కుటుంబం ఈ ఊళ్ళో ఎలా కలిసిపోయిందో, మనిషి నలుగురికీ ఎలా తెలుసో చూపించాలి. ఫోటోలు, అచ్చయిన పేరు, ఎరిగినవాళ్ళ మాటలు, ఏవైనా సరే. డ్రమ్ము వాయించాడంటే తప్పవుతుందా అని వదిన అడిగింది. డబ్బు తీసుకోలేదు కదా, తప్పెలా అవుతుంది, పైగా మంచిదేనన్నాడు. ఆమె నమ్మలేదు. ఇంటికొచ్చేదాకా, ఆయన దాచింది మనమే బయటపెడితే ఏమవుతుందోనని అదే మాట.

వసంతకాలంలో వదినని ఎలెన్ ఇంటికి తీసుకెళ్ళాను. ఎలెన్ తన కంప్యూటర్లో అన్ని పండగల ఫోటోలూ తెరిచింది. వరసగా చూశాం. అందరి ముఖాలూ ఉన్నాయి. నాది నోరు తెరుచుకుని ఉంది. ఆయన ఉండాల్సిన చోట మాత్రం ఒక గుండ్రటి తోలు బిళ్ళ. ఒక దాంట్లో ఎండ పడుతూ, ఒక దాంట్లో నీడలో, ఒక దాంట్లో వాన చుక్కలతో. ఎన్ని చూసినా అదే. ముఖం ఒక్కదాంట్లో కూడా లేదు. ఎంత నేర్పుగా దాక్కున్నాడో అనిపించింది. వదిన తెర మీద ఆ బిళ్ళని వేలితో తాకింది, వెనక్కి తిప్పి చూడొచ్చన్నట్టు. ఎలెన్ పక్క గదిలోకి వెళ్ళి ఏడ్చింది. ఈసారి పుస్తకంలో ఆయన పేరు వేస్తానని ఆవిడ అన్నది ఆ రోజే. వదిన ఔననలేదు, కాదనలేదు.

అందుకని ఎలెన్ స్పెల్లింగ్ అడిగిన సాయంత్రం నేను నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను. వదిన వద్దంది. కేసు తేలేదాకా ఏదీ కదిలించొద్దంది. తెలిసిన వాళ్ళింట్లో ఎవరికో దేశం విడిచి వెళ్ళమని ఉత్తరం వచ్చిందట, ఇంకెవరినో ఎయిర్‌పోర్టులో ఫోన్ తెరిచి చూశారట. రోజూ పోస్టు డబ్బా తెరిచేముందు ఆమె చేతులు తుడుచుకోవడం నేను గమనించాను. నాకూ ఆమె మాటే నిజమనిపించింది. ఎందుకైనా మంచిది అని నా నోటినుంచే వచ్చేసింది.

పిల్ల మెట్ల మీద కూర్చుని వింటోంది. ఈ దేశం తప్ప ఇంకో దేశం గుర్తులేని పిల్ల. తెలుగు వెతుక్కుని వెతుక్కుని మాట్లాడుతుంది.

"నాన్న ఇక్కడ ఉన్నాడు అని ఎవ్వరికీ తెలీదు అంటే, మరి నేను ఎక్కడ ఉన్నాను ఆంటీ?"

వదినా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వదిన లేచి వంటింట్లోకి వెళ్తూ, స్పెల్లింగ్ తప్పు లేకుండా చెప్పమంది.

పండగ రోజు ఎండ బాగా కాసింది. వదిన ఇంతకుముందు ఒక్కసారి కూడా రాలేదు, ఆయన రానివ్వలేదు. వాళ్ళు ముగ్గురూ ఎక్కడో ఒకచోట కలిసి కనపడటం కూడా ఆయన లెక్కలో ప్రమాదమే. మామూలు కాటన్ చీరలో వచ్చి, ఆ రాజుల మధ్య, కత్తుల మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. పిల్ల ఎలెన్ పక్కన నిలబడి పుస్తకాలు పంచుతోంది. ప్రతి పుస్తకంలో ఆయన పేరుంది. ఒక్కో పుస్తకం చెయ్యి మారినప్పుడల్లా ఎవరు తీసుకుంటున్నారా అని చూస్తూనే ఉన్నాను.

మధ్యాహ్నం అక్కడ ఒక రివాజుంది. దండోరా వేసే మనిషి మైదానం మధ్య నిలబడి గంట కొట్టి, ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు పిలుస్తాడు. జనమంతా మన జేజేల్లాగా హుజ్జా అని బదులు పలుకుతారు. అతను మామూలు రోజుల్లో స్కూలు బస్సు నడుపుతాడు. ఈకల టోపీ పెట్టుకుని, చేతిలో కాగితంతో మా దగ్గరికొచ్చాడు. ఈ పేరు ఎలా పలకాలి, తప్పు పలకడం నాకిష్టం లేదు అన్నాడు.

నేను నోరు తెరిచాను. వదిన నా మణికట్టు పట్టుకుని ఆపింది.

నేనెరిగిన ఇన్నేళ్ళలో వదిన నోట ఆయన పేరు వినలేదు. వాళ్ళమ్మ మొగుడి పేరు పలికేది కాదు, ఈమె కూడా పలకలేదు. డాక్టరు ఆఫీసులో భర్త పేరడిగితే ఇన్సూరెన్స్ కార్డు తీసి చూపించే మనిషి. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. అతను ఈకల టోపీ తీసి చంకలో పెట్టుకుని, వంగి, ఇంకోసారి అడిగాడు. అప్పుడు చెప్పింది. ఇంటిపేరుతో మొదలుపెట్టి, ఒక్కో అక్షరం విడదీసి, పూర్తిగా చెప్పింది. అతను వెంట వెంట అన్నాడు. తప్పు పలికిన చోట ఆమే మళ్ళీ గట్టిగా చెప్పింది. పక్కన నడిచేవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.

అతను వెళ్ళి గంట కొట్టాడు. మైదానం సద్దుమణిగింది. ఆయన పేరు ఆ చివరినుంచి ఈ చివరికి వినపడింది. వందల గొంతులు ఒక్కసారి బదులిచ్చాయి. నల్లకళ్ళద్దాల మనిషొకడు ఫోన్ ఎత్తి అదంతా తీస్తున్నాడు. ఎవడు వాడు, ఎందుకు తీస్తున్నాడు, ఎక్కడ పెడతాడు. మా పక్కన చెట్టుకింద ఎవరో మళ్ళీ ఆ పేరు పలకడానికి ప్రయత్నిస్తున్నారు.

వదిన ఇంకా నా మణికట్టు వదల్లేదు. కార్లోకి వెళ్దామా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"భయంగానే ఉంది" అంది. మైదానం మధ్య గంట పట్టుకున్న ఆ మనిషి వంకే చూస్తూ అంది: "ఇంకొక్కసారి పిలవమని చెప్పు."